నీడకు బతికేవి

ఇంకా గంటకు పైగా ఉండాది పొద్దు. కారు అద్దాలకు నల్ల జాలీలు తగిలించినాడు దివాకర్, వెనక సీట్లో నేను కూర్చున్న పక్క తువ్వాల కూడా కట్టినాడు, అయినా ముందు అద్దంలోనుంచి ఒక ఎండముక్క దూరి గేరు కాడ పడి ఉండాది, అది నా పక్కకు జరుగుతాండాదా లేదా అని చూస్తా కూర్చున్నాను. నర్సరీ ముందర నిలబెట్టినా ఏసీ కోసం ఇంజను ఆపలేదు. "నువ్వు దిగొద్దు రేఖా, నేనే ఒక్కోటి తెచ్చి చూపిస్తా, నీకు నచ్చినేవే తీసుకుందాం" అని చెప్పి, తలుపు ఒక మనిషి పట్టేంత మాత్రమే తెరిచి, పక్కకు తిరిగి దిగి, దిగీ దిగకముందే మూసేసినాడు. ఎనిమిది నెలల్లో తలుపులు మూసేది బాగా అలవాటైపోయింది ఆయనకు. పాలాయన వచ్చినా, కరెంటు మీటరు చూసేవాడు వచ్చినా తలుపు సందులోనుంచే మాటలు. పెండ్లయి ఇరవై రెండేండ్లు, ఎప్పుడూ నన్ను ఇది చెయ్యొద్దు అని ఒక మాట అన్న మనిషి కాదు. ఇప్పుడు దినానికి ఎన్నిసార్లు అంటాడో. అనేటప్పుడు గొంతు మెత్తగా ఉంటాది. అరిచినా బాగుండు, తిరిగి అరవొచ్చు. మెత్తగా అనే మాటకు ఎట్ల అడ్డం చెప్పాలో నాకు ఇంకా తెలిసి రాలేదు.

లూపస్ అని పేరు చెప్పింది బెంగుళూరు డాక్టరమ్మ. నీ ఒంట్లో నిన్ను కాపాడాల్సిందే నీ మీద తిరగబడింది, ఎండ తగిలితే అది ఇంకా రేగుతాది, అని చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పింది. ముక్కుకు అటుపక్క ఇటుపక్క చెంపల మీద ఎర్రగా లేచిన దద్దు చూపించి, దీన్ని సీతాకోకచిలుక అంటాము అన్నింది. పొద్దున లేచి అద్దంలో చూసుకుంటే ఆ చిలుక నా మొగం మీద రెక్కలు పరుచుకోని ఉంటాది. బయటికి పోయేదుంటే పొద్దు మునిగినాకే పోవాల అన్నింది. మాది అనంతపురం మేడం అన్నాను. ఆమె నవ్వింది. నేను నవ్వేదానికి చెప్పలేదు. నలభై ఆరేండ్లు ఎండలోనే బతికిన దాన్ని. మా నాయనకు నేనొక్కతే, చేనికి నా చెయ్యి పట్టుకోని తీసుకపోయేవాడు, మట్టి కాలుతాంటే చెప్పులు లేకుండా గెనం గట్టు మీద పరిగెత్తేదాన్ని. ఎండ అంటే ఏమన్నా ఒక వస్తువా, దాని నుంచి దూరంగా ఉండేదానికి. మా పక్క అది గాలి మాదిరి. గాలి తగలకుండా ఉండు అంటే ఎవరైనా ఉంటారా?

ఉన్నాను కదా ఎనిమిది నెలలు. అదే కదా ఇప్పుడు ఈ కారులో కూర్చోని ఉండేది.

మొదటి కుండీ ఎత్తుకోని వస్తాండాడు. వెనకనే ఆ నర్సరీలో పనిచేసే ఆమె, తలకు తువ్వాల చుట్టుకోని, ఇంకో రెండు కుండీలు నడుముకు ఆనించుకోని. అద్దం నాలుగు వేళ్లంత దించినాను. దివాకర్ ఒళ్లంతా చెమట, మొగంలో మాత్రం పండగ. "చూడు, ఆకుకు ఎర్ర అంచు. అగ్లోనిమా అంట. ఎండే అక్కర్లేదంట దీనికి, గదిలో పెట్టినా బతుకుతాదంట." ఆ మాట అంటాంటే ఆయన కండ్లు మెరిసినాయి. నాకోసమే పుట్టిన మొక్క దొరికినట్టు. ఇంకోటి చూపించినాడు, ఆకు మీద ఎవరో ముగ్గు వేసినట్టు తెల్లగీతలు, కలాతియా. ఇంకోటి ఫెర్న్, పచ్చటి ఈకలు వేలాడతాండాయి. బాగుండాయి అన్నాను. బాగానే ఉండాయి, అబద్ధం ఏముంది. ఇంటి వెనక గోడకూ ప్రహరీకీ నడుమ పన్నెండు అడుగుల సందు ఉంటే దాని పైన ఆకుపచ్చ నెట్టు కట్టించినాడు, కింద కడప బండలు పరిపించినాడు, ఒక మూల ఉయ్యాల. నీకొక తోట చేసిస్తా అన్నాడు. ఆ నెట్టు కింద మధ్యాన్నం పూట కూర్చుంటే చేతులు కాళ్లు కూడా పచ్చగా అవుపిస్తాయి, నీళ్లలో మునిగినట్టు. అక్కడ పెట్టేదానికి ఇవి. నీడకు బతికేవి. రెండు డజన్లన్నా కావాల అంటాండాడు, గోడ వెంబడి వరసగా పెట్టల్లంట, మనీప్లాంటు పైకి ఎగబాకిచ్చల్లంట.

నేను మొక్కలు ఏరింది ఇట్ల కాదు. ఆరేండ్ల కింద నాయన, నేను, మా చేను చూసుకునే వెంకటప్ప, ముగ్గురం టెంపో మాట్లాడుకోని కోడూరికి పోతిమి చీనీ అంట్లకు, అదే బత్తాయి. నాయనకు అప్పటికే మోకాళ్లు పట్టేసినాయి, బల్ల మీద కూర్చోని "నువ్వే చూడు పాపా" అన్నాడు. మిట్టమధ్యాన్నం. వరసలు వరసలుగా కవర్లలో మొక్కలు, ఒక్కోటీ ఎత్తి చూసినాను, అంటు కట్టిన చోటు మట్టికి జానెడు పైన ఉండాదా, అతుకు పూడి నున్నగా ఉండాదా, వేరు కవరు చించుకోని బయటికి వచ్చేసిందా అని. నర్సరీ ఆయనకు విసుగు పుట్టి, ఏందమ్మా పెండ్లికొడుకును చూసినట్టు చూస్తాండావు అన్నాడు. నాలుగెకరాలకు సరిపడా ఏరేసరికి పొద్దు వాలింది. మెడ వెనక తోలు ఊడింది నాకు. వెంకటప్ప కొబ్బరినూనె తెచ్చి ఇచ్చినాడు. చెనక్కాయ వేసి వేసి ప్రతి రెండేండ్లకొకసారి ఆకాశం చూసి ఏడ్చేకంటే చెట్టు పెడదాం నాయనా అనింది నేనే. కదిరి అవతల మా నాయన ఊర్లో మా పక్క చేన్లోళ్లు నవ్వినారు, ఉండే ఒక్క బోరుతో చీనీనా అని. డ్రిప్పు పైపులు పరిచినాము. వేసవిలో చెట్టు మొదట్లో చెనక్కాయ పొట్టు కప్పినాము. మూడో ఏడు నాయన పోయినాడు, నాలుగో ఏడు కాపు పట్టింది. తొలి కాయ కోసి ఎవరికియ్యాలో తెలీక చేతిలో పెట్టుకోని చానాసేపు నిలబడినాను.

ఆ చెట్లు ఎండిపోయినాయి. పోయిన సంక్రాంతి ముందర చెప్పినాడు దివాకర్. మంచం కాడ కూర్చోని, నా కాళ్లు ఒత్తుతా, బోరు పోయింది రేఖా, ట్యాంకర్లతో ఎన్ని దినాలు పోపిస్తాము, ఆకంతా రాలిపోయింది అన్నాడు. గోడ పక్కకు తిరిగి పండుకున్నాను. తర్వాత వెంకటప్ప రెండుసార్లు ఫోన్ చేసినాడు, ఎత్తలేదు. ఏమని ఎత్తాల. చెట్టు చచ్చిపోయిన సంగతి వాని నోటితో ఇంకోసారి వినల్లనా. మూడోసారి చెయ్యలేదు. చేతులు నొప్పి, వేళ్ల కణుపులు నొప్పి, పొద్దున దువ్వెన పట్టుకునేదానికి రాదు, అట్లాంటిదానికి తోట ఏంటికి అని నాకు నేనే చెప్పుకున్నాను. రెండు నెలల కింద సోలార్ మాట తెచ్చినాడు. కంపెనీ వాళ్లు ఇరవై ఐదేండ్లకు గుత్తకు తీసుకుంటారంట, చేనంతా చదును చేసి అద్దాలు పరుస్తారంట, కదిరికాడ జయచంద్ర అని ఒకాయన భూములు మాట్లాడి పెడతాండాడంట. ఎండిపోయిన తోటను పెట్టుకోని ఏం చేస్తాము, నువ్వా పోలేవు, నాకా అంగడి వదిలేదానికి లేదు. ఆయనకు టౌన్లో ట్రాక్టరు సామాన్ల అంగడి. నేను, చూద్దాం అన్నాను. చూద్దాం అంటే మా ఇంట్లో ఒప్పుకున్నట్టేనని నాకు తెలుసు. తెలిసీ అన్నాను. ఎండ నా మీద పడకూడదు, నా చేని మీద పడే ఎండను ఎవరో పట్టుకోని కరెంటు చేసుకుంటారు, చేసుకోనీ. ఆ పొద్దు అట్లే అనిపించింది. మనిషి మూసిన గదిలో ఉండి ఉండి ఏదడిగినా సరే అంటాది, అనేసి మళ్లీ పండుకుంటాది.

ఎండముక్క గేరు దాటింది. రెండు సీట్ల నడుమ సందులో ఉండాది ఇప్పుడు. కాళ్లు పైకి ముడుచుకున్నాను.

దివాకర్ లోపలికి పోయినాడు, ఇంకా ఏరతాండాడు. ఆమె ఒక్కతే వచ్చింది, చేతిలో ఏ కుండీ లేదు. అద్దం సందు కాడ వంగింది. "అమ్మా, దిగి చూసుకోరాదా? లోపల నెట్టు కింద సల్లగానే ఉండాది."

"ఎండ తగలకూడదు నాకు. జబ్బు."

"ఎండ తగలకూడని జబ్బా?" నా మొగం చూసింది, చెంపల మీది మచ్చ చూసింది, కండ్లు పక్కకు తిప్పుకోలేదు. "ఈ ఊర్లో పుట్టి?"

నాకు నవ్వు వచ్చింది. ఇన్ని నెలల్లో ఆ మాట మొగం మీద అన్నది ఈమె ఒక్కతే. పేరు అడిగితే ఎస్తేరు అన్నింది. శింగనమల నుంచి వస్తాదంట, పొద్దున ఎనిమిదికి బస్సు దిగితే మళ్లీ సాయంత్రం ఎక్కేదాకా ఎండలోనేనంట. "నీకేమో ఎండ పడదు, నాకేమో నీడ దొరకదు" అని, ఆ మాటను అక్కడే పడేసి, "ఒకటి చెప్తా, సారుకు చెప్పద్దు, ఓనరు తిడతాడు" అన్నింది. "ఆయన ఎత్తుతాండేవన్నీ కడియం లారీలో వచ్చినేవి. ఆడ గాలే తడిగా ఉంటాది. ఆ గీతల ఆకుది, ఆ ఈకలది, మన గాలికి నెలలోపల కొనలు కాలిపోతాయి. మన బోరు ఉప్పునీళ్లు పోస్తే ఇంగా బిరీన పోతాయి. నీడలో పెట్టినా అంతే. నీడ ఒకటే చాలదు కదమ్మా దేనికీ."

"మరి ఏవి బతుకుతాయి?"

"ఆ మూల స్నేక్ ప్లాంట్లు ఉండాయి. జీజీ ఉండాది. సోకుగా ఉండవు. చావవు." తువ్వాల ఊడదీసి మొగం తుడుచుకోని మళ్లీ కట్టుకుంది. "చావని వాటిని ఎవురూ అడగరు."

ఎవరో పిలిస్తే పోయింది. నీడ ఒకటే చాలదు దేనికీ. ఆమె మొక్కల గురించి చెప్పింది, నేను నా గురించి విన్నాను, ఇట్లాంటి వినికిడి కూడా ఈ జబ్బులో ఒక భాగమేమో. దివాకర్ కౌంటరు కాడ నిలబడి ఉండాడు, ముందర గీతలవి ఈకలవి వరసగా పెట్టించినాడు, చెయ్యి ఊపినాడు నా పక్కకు. నేను కూడా ఊపినాను. జాలీ వెనక నా చెయ్యి ఆయనకు కనపడిందో లేదో. ఇవన్నీ నెలలో మాడిపోతాయి. మాడినేవి తీసి బయట పడేసి మళ్లీ కొత్తవి తెస్తాడు, నాకు తెలీకుండా మారుస్తాడు, నేను చూసి బాధపడకూడదని. అట్లాంటి మనిషి. ఉయ్యాల ఉంటాది, నెట్టు ఉంటాది, నెలకొకసారి కొత్త మొక్కలు ఉంటాయి, ఇరవై ఐదేండ్లు. లెక్క చూస్తే నాకు డెబ్బై ఒకటి. తలుపు పిడి మీద చెయ్యి వేసినాను, పిడి కాలుతాండాది, తీసేసినాను.

అప్పుడు కారు మోగింది. కారే మోగింది, అన్ని పక్కల నుంచి, ఉలిక్కిపడినాను. ముందర తెర మీద అక్షరాలు, జయచంద్ర కదిరి. దివాకర్ ఫోను బ్లూటూత్‌తో కారుకు తగులుకోని ఉండాది కదా, దిగేటప్పుడు తియ్యలేదు. అద్దంలోనుంచి చూస్తే ఆయన ఆడ ఫోను చెవికి పెట్టుకోని హలో హలో అంటాండాడు, మాట మాత్రం ఈడ, నా చుట్టూరా.

"అన్నా, జయచంద్రను. జేసీబీ వాడు రేపు ఒక్కరోజే ఖాళీ అంటాండాడు, మళ్లీ వారం దాకా దొరకడు. వదిన సంతకం ఎల్లుండి పెట్టినా ఏంలే, పొద్దున్నే చీనీ చెట్లు పీకిచ్చేద్దామా? ఒక మాటన్నా, కాయ మాత్రం కొమ్మలు వంగేట్టు ఉండాది. ముందు కోపిచ్చల్లనా, అట్లే తోసెయ్యమంటావా? పాపం ఆ ముసిలోడు వెంకటప్ప చెట్ల కాడనుంచి కదలడంలేదు, నువ్వొక మాట చెప్పల్ల వానికి. అన్నా? వినపడుతాండాదా?"

కాయ. కొమ్మలు వంగేట్టు. ఆ రెండు మాటలు ఎంతసేపు కారులో తిరిగినాయో. ఆకంతా రాలిపోయింది అన్నాడు, నా కాళ్లు ఒత్తుతా అన్నాడు, నేను గోడ పక్కకు తిరిగి పండుకుంటే వీపు నిమిరినాడు. చెట్లు చచ్చిపోయినాయని నేను వారం దినాలు అన్నం సరిగా తినలేదు, తినమని ముద్ద కలిపి పెట్టింది ఆ చేత్తోనే. చెట్లు ఆడ కాస్తా ఉండాయి. బోరు పోస్తా ఉండాది. వెంకటప్ప ఆ చెట్ల కాడే ఉండాడు. రెండుసార్లు ఫోన్ చేసింది అందుకే. నేను ఎత్తలేదు. నేనే ఎత్తలేదు.

"పీకద్దు" అన్నాను.

"అన్నా?"

"రేఖను. ఆ తోట నా పేరు మీద ఉండాది. నేను సంతకం పెట్టలేదు, పెట్టను. జేసీబీ లోపల అడుగు పెట్టకూడదు."

"వదినా... నువ్వు ఒప్పుకున్నావని అన్న చెప్పినాడే..."

"అన్న చెప్పింది అన్ననే అడుగు. నేను చెప్పింది విన్నావా?"

"విన్యా వదినా."

తెర మీద అక్షరాలు పోయినాయి. ఆడ దివాకర్ ఫోను చెవినుంచి తీసి దాని వంక చూసినాడు, ఒకసారి చూసి, ఇంకోసారి చూసి, మెల్లగా తల ఎత్తి కారు పక్క చూసినాడు. నడిచి వచ్చినాడు. చేతిలో ఆ గీతల మొక్క అట్లే ఉండాది, కింద పెట్టేది మరిచిపోయినాడు. నా పక్క తలుపు తెరిచినాడు, ఈసారి పూర్తిగా. పడమటి ఎండ ఒక్కసారి నా మోకాళ్ల మీద పడింది. పడంగానే ఆయన ఒక అడుగు జరిగి, ఎండకు అడ్డంగా నిలబడినాడు. ఆలోచించి చేసింది కాదు అది. ఏమి మాట్లాడాలో తెలీని మనిషి, మొగంలో నెత్తురు లేదు, అయినా ఎండ ఎటునుంచి వస్తాదో చూసుకోని నిలబడినాడు. ఆయన నీడ నా మీద పడింది.

"చెట్లు ఎండిపోయినాయంటివే" అన్నాను.

"ఉండాయంటే నువ్వు పోతావు." గొంతు మెత్తగా లేదు. ఎనిమిది నెలల్లో మొదటిసారి. "పోలేదా? డాక్టరు చెప్పిన పదో దినమే నాకు చెప్పకుండా ఆటో ఎక్కి, బస్సెక్కి పోలేదా? మధ్యాన్నం దాకా ఆ చెట్లలో తిరిగి, జ్వరం, మూత్రంలో నెత్తురు, పదకొండు దినాలు బెంగుళూరులో... నీకు గుర్తు లేదు రేఖా, నువ్వు మాటలు కూడా తప్పుగా మాట్లాడతాంటివి. ఆ పదకొండు దినాలు నీకు తెలీదు. నాకు తెలుసు. ఆ చెట్లు ఉండేంతవరకు నువ్వు ఇంట్లో ఉండవు."

అది నిజమే. కాకుంటే నేను ఈ కారులో కూర్చోని ఉండను.

"పక్కకు జరుగు" అన్నాను.

"ఎండ పడతాది నీ మీద."

"చెట్లు చచ్చిపోయినాయని చెప్పి నువ్వు నన్ను బతికిచ్చినావు. సరే. ఇంగ నన్ను అడిగి బతికియ్యి. నాకు చెప్పి బతికియ్యి. జరుగు దివాకరా."

పేరు పెట్టి పిలిచింది ఎప్పుడో పెండ్లైన కొత్తల్లో. ఆయన జరగలేదు. నేను దిగలేదు. అట్లే ఉండిపోయినాము, ఆయన తలుపు పట్టుకోని, నేను కాళ్లు ముడుచుకోని. ఆయన భుజం అంచు ఎర్రగా ఉండింది, తర్వాత బూడిదరంగుకు వచ్చింది, చెవి పక్కన వెలుతురు సన్నబడి సన్నబడి పోయింది, నేను చూస్తానే ఉన్నాను. పొద్దు మునిగేది చూడక ఎన్ని నెలలైందో. ఇప్పుడూ చూడలేదు, ఆయన వీపు వెనకే మునిగింది. కండ్లు తుడుచుకున్నాడు మోచేత్తో. నేను తుడవలేదు.

ఎస్తేరు వచ్చి దూరంగానే నిలబడింది. "సారూ, బస్సుకు టైమైతాండాది. ఈ కుండీలు ఎక్కించల్లనా, వద్దా?"

ఆయన నా పక్క చూసినాడు. అడగల్లనని గుర్తొచ్చినట్టుంది. నేను దిగినాను. నేల ఇంకా కాలుతానే ఉండాది, చెప్పుల కిందనుంచి పైకి వస్తాండాది వేడి, మోకాళ్లు పట్టేసి రెండడుగులు కుంటినాను, ఆయన చెయ్యి ముందుకొచ్చి మళ్లీ వెనక్కి పోయింది. ఎస్తేరు వెంబడి ఆ మూలకు పోయి స్నేక్ ప్లాంట్లు ఆరు ఏరినాను, జీజీలు నాలుగు, మనీప్లాంటు రెండు. ఆ సందు తోట నాది కాదనేదానికి లేదు. రేపూ ఎల్లుండీ పగలంతా నేను ఉండేది ఆడనే. గీతలవి, ఈకలవి వద్దన్నాను. చేతిలోది కౌంటరు మీద పెట్టేదానికి చానాసేపు పట్టింది ఆయనకు. కుండీలన్నీ వెనక సీట్లో, కాళ్ల కాడ సర్దినాడు. నేను నడుమ కూర్చున్నాను, కాళ్లు కదిపేదానికి చోటు లేదు, తడి మట్టి వాసన, ఒక ఆకు కొన మెడకు గుచ్చుకుంటాండాది.

బండి కదలకముందే వెంకటప్పకు ఫోన్ చేసినాను. మూడు రింగులకు ఎత్తినాడు.

"పాపా!" అన్నాడు.

"రేపు పొద్దున్నే తోట గేటు కాడ కూర్చో వెంకటప్పా. ఎవరు వచ్చినా, ఏ బండి వచ్చినా నాకు ఫోన్ చెయ్యి. ఎత్తుతా."

"కూర్చుంటా. కాయ కోతకొచ్చింది పాపా. నువ్వెప్పుడొస్తావు?"

దివాకర్ రెండు చేతులూ స్టీరింగ్ మీద పెట్టుకోని ముందుకే చూస్తాండాడు. వింటాండాడు.

"రేపే వస్తా. పొద్దు మునిగినాక."

"చీకటి పడతాది కదా పాపా" అన్నాడు వెంకటప్ప. "సరేలే, బ్యాటరీ లైటు పట్టుకోని ఉంటా. రా" అన్నాడు.